కీలు మార్చిన తుంటిలో నొప్పా? మాత్ర కంటే ముందు పరీక్ష

“సిస్టరమ్మా, చీము కాదు, ఉత్త నీళ్ళే. రెండు దినాలు మాత్రలేసుకుంటే ఆరిపోతుందిలే.”

పుంగనూరు దగ్గరి ఒక పల్లె నుండి వచ్చిన అవ్వ మాతో అన్న మాటలివి. ఆవుల కొట్టంలో కాలు జారి పడి ఆమె తుంటి విరిగింది. కొడుకులు పెద్ద ఊరికి తీసుకుపోయి తుంటి కీలు మార్పించారు. ఆపరేషన్ బాగానే జరిగింది. వాకరు పట్టుకుని నడుస్తూ ఇంటికి చేరింది. అయితే కుట్లు తీసిన తరువాత కూడా గాయం కింది కొస నుండి తడి వస్తూనే ఉంది. కొడుకు మెడికల్ షాపులో అడిగి ఐదు రోజుల యాంటీబయాటిక్ మాత్రలు తెచ్చాడు. తడి ఆగింది. మూడు వారాలకు మళ్ళీ వచ్చింది. మళ్ళీ మాత్రలు వేశారు, మళ్ళీ ఆగింది. నాలుగు నెలల్లో నాలుగుసార్లు ఇలాగే జరిగింది.

మధ్యలో ఒకసారి ఆమె మా దగ్గరికీ వచ్చింది. ఆ రోజు డ్రెస్సింగ్ గదిలో రద్దీగా ఉంది. మేము గాయం తుడిచి, కట్టు మార్చి, రిజిస్టరులో “కొంచెం తడి” అని రాసి పంపేశాము. ఎముకల డాక్టరుగారికి చూపించలేదు. ఎన్ని రోజులుగా తడి వస్తోందని అడగలేదు. ఏ మాత్రలు వాడుతున్నావని అడగలేదు. “ఉత్త నీళ్ళే” అన్న ఆమె మాట మాకూ సరిపోయింది.

ఐదో నెలలో కొడుకులు ఆమెను ఎత్తుకుని తెచ్చారు. కాలు కింద పెట్టలేకపోతోంది. రాత్రిళ్ళు నొప్పితో నిద్ర లేదు. జ్వరం మాత్రం లేదు. పాత గాయం మచ్చ పక్కన పెసరగింజంత రంధ్రం పడి, అందులో నుండి చీము కారుతోంది. కీలులోని నీరు తీసి ల్యాబుకు పంపితే ఏ క్రిమీ పెరగలేదని రిపోర్టు వచ్చింది. క్రిమి లేక కాదు. ముందు రోజు వరకు ఆమె మాత్రలు మింగుతూనే ఉంది. డాక్టరుగారు మాత్రలు ఆపించి, రెండు వారాల తరువాత మళ్ళీ నీరు తీయించారు. అప్పుడు క్రిమి దొరికింది. కాని అప్పటికి ఆ కీలును కాపాడుకొనే సమయం దాటిపోయింది. ఒక ఆపరేషన్‌లో కీలు తీసివేశారు. కొన్ని నెలల తరువాత మరో ఆపరేషన్‌లో కొత్తది పెట్టారు. ఇప్పుడు ఆమె చేతికర్రతో నడుస్తోంది. రెండు ఆపరేషన్ల ఖర్చుకు ఆవులను అమ్ముకున్నారు.

ప్రియమైన పాఠకులారా, ఈ అవ్వ కథ చెప్పడం మిమ్మల్ని భయపెట్టడానికి కాదు. తుంటి కీలు మార్పిడి మంచి ఆపరేషన్. చేయించుకున్న ప్రతి వందమందిలో దాదాపు తొంభై ఎనిమిది మందికి ఇన్ఫెక్షన్ రాదు. ఒకరిద్దరికి వస్తుంది. ఆ ఒకరిద్దరిలో ఎవరికి కీలు నిలుస్తుంది, ఎవరికి పోతుంది అన్నది చాలావరకు ఎంత త్వరగా, ఎంత సరిగ్గా జబ్బును గుర్తించామన్న దాని మీద ఉంటుంది. అందులో డాక్టర్ల పని కొంత, మా నర్సుల పని కొంత, ఇంట్లోవాళ్ళ పని కొంత ఉంది.

కొత్త కీలులో క్రిములు ఎందుకు మొండికేస్తాయి?

తుంటి కీలు అంటే ఒక గిన్నె, అందులో తిరిగే ఒక బంతి. ఆపరేషన్‌లో ఈ రెండింటి స్థానంలో లోహం, గట్టి ప్లాస్టిక్ లేదా పింగాణీ వంటి పదార్థంతో చేసిన భాగాలు పెడతారు. మన ఒంటి ఎముకలోకి రక్తం పారుతుంది. రక్తంతో పాటు క్రిములతో పోరాడే తెల్ల కణాలు వస్తాయి, మనం మింగిన మందు వస్తుంది. లోహంలోకి రక్తం పారదు.

ఇంట్లో నీళ్ళ తొట్టి గోడకు పాకుడు పట్టడం మీరు చూసే ఉంటారు. తొట్టిలోని నీళ్ళు పారబోసినా పాకుడు పోదు. కొబ్బరి పీచు పెట్టి రుద్దవలసిందే. కొత్త కీలు మీద చేరిన క్రిములు కూడా అలాగే తమ చుట్టూ ఒక జిగురు పొర అల్లుకుంటాయి. దీనిని బయోఫిల్మ్ అంటారు. మాత్రలు వేసుకుంటే కీలు చుట్టూ తేలుతున్న క్రిములు చస్తాయి, తడి ఆగుతుంది, నొప్పి తగ్గుతుంది. పొర కింద ఉన్నవి మాత్రం బతికే ఉంటాయి. మాత్ర ఆపగానే మళ్ళీ లేస్తాయి. అవ్వకు నాలుగుసార్లు జరిగింది ఇదే.

ఈ పొర మొదటి వారాల్లో పలుచగా ఉంటుంది. అప్పుడే గుర్తిస్తే కీలును తీయకుండా, గాయం తెరిచి లోపల బాగా కడిగి, మార్చడానికి వీలైన బంతి, లోపలి గిన్నె వంటి భాగాలు మార్చి, చాలా వారాలు మందు ఇచ్చి కాపాడవచ్చు. ఆలస్యమైతే మొత్తం కీలు తీయక తప్పదు. కనుక ఈ జబ్బులో మొదటి మూడు నాలుగు వారాలు ఎంతో విలువైనవి.

ఇన్ఫెక్షన్ ఎప్పుడు వస్తుంది?

ఇది మూడు విధాలుగా కనిపిస్తుంది.

మొదటిది, ఆపరేషన్ అయిన మూడు నెలలలోపు వచ్చేది. గాయం ఎర్రబడడం, వాపు, వేడి, తడి, చీము, జ్వరం, పెరుగుతున్న నొప్పి దీని గుర్తులు. ఇది పైకి కనిపిస్తుంది కనుక పట్టుకోవడం సులువు.

రెండవది, మూడు నెలల నుండి రెండు సంవత్సరాల మధ్య నెమ్మదిగా వచ్చేది. ఇదే మోసం చేసేది. జ్వరం ఉండదు, ఎరుపు ఉండదు. ఒక్క నొప్పి మాత్రమే ఉంటుంది. “ఆపరేషన్ అయిన నాటి నుండి ఒక్క దినం కూడా నొప్పి లేకుండా లేను” అని ఎవరైనా అంటే ఆ మాటను మేము చాలా జాగ్రత్తగా వింటాము.

మూడవది, సంవత్సరాల తరబడి బాగా నడిచిన కీలులోకి హఠాత్తుగా వచ్చేది. ఒంట్లో మరెక్కడో ఉన్న క్రిములు రక్తం ద్వారా కీలుకు చేరతాయి. మదనపల్లె టమోటా మండీలో లెక్కలు రాసే ఒకాయనకు కీలు మార్చి మూడేళ్ళయింది. షుగరు జబ్బు ఉంది. కాలి బొటనవేలికి పుండు పడితే పట్టించుకోలేదు. ఒక రాత్రి చలిజ్వరంతో పాటు తుంటిలో విపరీతమైన నొప్పి మొదలైంది. ఊళ్ళో అందరికీ విషజ్వరాలు వస్తున్న రోజులు కనుక ఇదీ అదేనని ఇంట్లో అనుకున్నారు. ఆయన భార్య మాత్రం “జ్వరమైతే ఒళ్ళంతా నొప్పులు ఉండాల, ఒక్క తుంటి ఎందుకు నొస్తాది?” అని తెల్లవారకుండానే తీసుకువచ్చింది. ఆ మాటే ఆయన్ను కాపాడింది. అదే రోజు రక్తం కల్చర్‌కు తీశారు, కీలులోని నీరు తీశారు. పుండులో పెరిగిన క్రిమే కీలులోనూ పెరిగింది.

షుగరు అదుపులో లేనివారు, బీడీ సిగరెట్లు తాగేవారు, అధిక బరువు ఉన్నవారు, కీళ్ళవాతానికి స్టెరాయిడ్ మందులు వాడేవారు, ఇంతకు ముందు అదే తుంటికి ఆపరేషన్ అయినవారు మరింత జాగ్రత్తగా ఉండాలి.

ఒక్క పరీక్షతో ఎందుకు తేలదు?

“ఇన్ని పరీక్షలెందుకు? ఒకటి చేసి తేల్చేయకూడదా?” అని చాలామంది అడుగుతారు. ఈ జబ్బును ఒంటరిగా తేల్చగల రక్తపరీక్ష ఇంతవరకు లేదు. తీర్పు చెప్పే ముందు నలుగురు సాక్షులను విన్నట్లు, డాక్టర్లు నాలుగు పరీక్షల మాట కలిపి వింటారు. అన్ని దేశాల డాక్టర్లకూ ఇదే చిక్కు. అందుకే 2011లో అమెరికాలో ఈ రంగంలోని నిపుణులు ఏయే గుర్తులు కలిస్తే ఇన్ఫెక్షన్ అనాలో ఒక పద్ధతి రాశారు. 2013లో ఫిలడెల్ఫియా నగరంలో అనేక దేశాల నిపుణులు కలిసి దానిని చర్చించారు. 2018లో దానిని మళ్ళీ సవరించారు. 2021లో యూరపు నిపుణులు తమ పద్ధతి ప్రకటించారు. మన డాక్టర్లు అనుసరించేది వీటినే. ఆ మెట్లు ఏమిటో ఒక్కొక్కటిగా చూద్దాం.

మొదటి మెట్టు: ప్రశ్నలు, పరిశీలన

ఆపరేషన్ ఏ తేదీన జరిగింది? గాయం ఎన్నో రోజుకు ఆరింది? నొప్పి ఎక్కడ? తుంటి కీలు నొప్పి సాధారణంగా గజ్జల్లో తెలుస్తుంది. నడిచినప్పుడు మాత్రమేనా, పడుకున్నప్పుడు కూడానా? ఏ మాత్రలు, ఎన్ని రోజులు వాడారు? ఈ చివరి ప్రశ్నకు దయచేసి నిజం చెప్పండి. మెడికల్ షాపులో కొన్నామని చెబితే డాక్టరు తిడతారేమోనని దాచేవారు ఉన్నారు. దాచితే పరీక్ష తప్పు చెబుతుంది. ఖాళీ అయిన మాత్రల అట్ట తీసుకువస్తే ఇంకా మంచిది.

కీలు నుండి చర్మం వరకు దారి ఏర్పడి చీము కారుతుంటే ఇన్ఫెక్షన్ ఉన్నట్లే. అప్పుడు ఏ క్రిమి అన్నది మాత్రం తేల్చాలి. ఆ రంధ్రం మీద దూదిపుల్లతో తుడిచి పంపే పరీక్ష నమ్మదగినది కాదు. చర్మం మీద ఎప్పుడూ ఉండే క్రిములు అందులో పెరిగి, లోపలి అసలు క్రిమిని మరుగుపరుస్తాయి.

రెండవ మెట్టు: రక్తపరీక్షలు

ఇ.ఎస్.ఆర్., సి.ఆర్.పి. అనే రెండు పరీక్షలు మన ప్రాంతంలోని చాలా ల్యాబుల్లో చేస్తారు. ఒంట్లో ఎక్కడైనా వాపు, మంట ఉంటే ఇవి పెరుగుతాయి. పాత కీలు విషయంలో ఇ.ఎస్.ఆర్. గంటకు 30 దాటితే, సి.ఆర్.పి. లీటరుకు 10 మిల్లీగ్రాములు దాటితే ఇంకా వెతకాలని అర్థం. ఇక్కడ ఒక చిన్న సంగతి గమనించండి. కొన్ని ల్యాబులు సి.ఆర్.పి.ని డెసిలీటరు లెక్కన ఇస్తాయి. లీటరుకు 10 అన్నా, డెసిలీటరుకు 1 అన్నా ఒకటే. రెండు ఊళ్ళ రిపోర్టులు పక్కపక్కన పెట్టి “పదింతలు పెరిగింది” అని హడలిపోయి వచ్చినవారిని మేము చూశాము.

ఆపరేషన్ అయిన వెంటనే సి.ఆర్.పి. ఎవరికైనా పెరుగుతుంది. రెండు మూడు రోజులకు గరిష్ఠానికి చేరి, తరువాత దిగుతూ వచ్చి, మామూలుగా మూడు వారాల నుండి ఆరు వారాలలో సాధారణ స్థితికి వస్తుంది. ఇ.ఎస్.ఆర్. దిగడానికి నెలలు పడుతుంది. కనుక మొదటి వారాల్లో ఒక్క అంకెను కాదు, అంకెల నడకను చూడాలి. దిగుతున్న సి.ఆర్.పి. మళ్ళీ ఎక్కితే అది హెచ్చరిక. కీళ్ళవాతం ఉన్నవారిలో ఇన్ఫెక్షన్ లేకున్నా ఇవి పెరగవచ్చు. నెమ్మదిగా పెరిగే కొన్ని క్రిముల విషయంలో ఇన్ఫెక్షన్ ఉన్నా ఇవి మామూలుగా ఉండవచ్చు. అందుకే రక్తపరీక్ష బాగుందని అక్కడితో ఆగిపోకూడదు.

మూడవ మెట్టు: ఎక్స్‌రే

కీలు వదులైందా, చుట్టూ ఎముక కరిగిందా అన్నది ఎక్స్‌రేలో తెలుస్తుంది. మొదటి వారాల్లో ఇన్ఫెక్షన్ ఉన్నా ఎక్స్‌రే బాగానే ఉంటుంది. పాత ఎక్స్‌రేలు ఉంటే పోల్చి చూడవచ్చు కనుక వాటిని పారేయకండి. కొన్నిసార్లు నొప్పికి కారణం వెన్నుపూస అని తేలుతుంది. మరికొన్నిసార్లు క్రిమి లేకుండానే కీలు వదులై ఉంటుంది. ఇన్ఫెక్షన్ లేదని తేలడం కూడా పరీక్ష వల్ల కలిగే మేలే.

నాలుగవ మెట్టు: కీలులోని నీరు తీయడం

అన్నింటిలో ముఖ్యమైనది ఇదే, మనవాళ్ళు ఎక్కువగా భయపడేదీ దీనికే. “సూది గుచ్చితే కీలు పాడైపోతుంది” అని ఎవరో చెప్పారని పరీక్ష వద్దని వెళ్ళిపోయినవారు ఉన్నారు. మోకాలులా తుంటి కీలు పైకి ఉండదు, కండల లోపల లోతుగా ఉంటుంది. కాబట్టి శుభ్రమైన గదిలో, మత్తు సూది వేసి, ఎక్స్‌రే లేదా స్కానింగ్ యంత్రంలో చూస్తూ పొడవాటి సూదితో నీరు తీస్తారు. సరైన శుభ్రత పాటిస్తే దీనివల్ల కీలుకు హాని చాలా అరుదు.

ఆ నీటిలో తెల్ల కణాలు లెక్కిస్తారు. పాత కీలులో ఘన మిల్లీమీటరుకు 3,000 కంటే ఎక్కువ కణాలు, వాటిలో నూటికి 80 కంటే ఎక్కువ న్యూట్రోఫిల్ రకం ఉంటే ఇన్ఫెక్షన్ వైపు బలంగా చూపుతుంది. ఆపరేషన్ అయిన మొదటి వారాల్లో ఈ లెక్కలు వేరు. మూత్ర పరీక్షకు వాడే రంగు మారే పట్టీ మీద ఈ నీరు ఒక చుక్క వేసినా తెల్ల కణాల జాడ రెండు నిమిషాల్లో తెలుస్తుంది. నీటిలో రక్తం కలిస్తే మాత్రం ఆ రంగును నమ్మలేము. పెద్ద కేంద్రాలలో ఆల్ఫా డిఫెన్సిన్ అనే పరీక్ష కూడా ఉంది.

మిగిలిన నీటిని కల్చర్‌కు పంపుతారు. క్రిమికి తిండి పెట్టి పెంచి, అది ఏ క్రిమో, ఏ మందుకు లొంగుతుందో చూస్తారు. చర్మం మీద ఉండే స్టెఫైలోకాకస్ జాతి క్రిములే ఎక్కువగా దొరుకుతాయి. కొన్ని క్రిములు చాలా నెమ్మదిగా పెరుగుతాయి కనుక రెండు వారాల వరకు ఉంచి చూడాలి. మూడో రోజు “ఏమీ పెరగలేదు” అన్నది చివరి మాట కాదు.

యాంటీబయాటిక్ మింగి ఉంటే క్రిమి సగం చచ్చి ల్యాబులో పెరగదు. అందుకే నెమ్మదిగా వచ్చిన ఇన్ఫెక్షన్‌లో, మనిషి స్థిమితంగా ఉంటే, కనీసం రెండు వారాలు ఆ మాత్రలు ఆపి నీరు తీస్తారు. మాత్రలు ఆపాలా వద్దా అన్నది డాక్టరు చెప్పాలి, మీకు మీరు ఆపవద్దు. షుగరు, బి.పి., గుండె మందులకు దీనితో సంబంధం లేదు. అవి వేసుకుంటూనే ఉండాలి. చలిజ్వరం, ఆయాసం, మగత ఉంటే ఆగడానికి వీలు లేదు. వెంటనే రక్తం, కీలు నీరు తీసి చికిత్స మొదలుపెడతారు. అలాంటప్పుడు ఏ వేళైనా సరే, నేరుగా ఆసుపత్రికి రండి.

కొన్నిసార్లు సూది పెట్టినా నీరు రాదు. నీరు రానంత మాత్రాన జబ్బు లేనట్లు కాదు. అవసరమైతే మళ్ళీ తీస్తారు.

ఐదవ మెట్టు: ఆపరేషన్‌లో తీసే ముక్కలు

ఆపరేషన్ చేయవలసి వస్తే కీలు చుట్టూ ఐదారు చోట్ల నుండి చిన్న చిన్న కండ ముక్కలు తీస్తారు. ఒక్కొక్క ముక్కకు వేరే పనిముట్టు, వేరే సీసా. ఆ సీసాల మీద చోటు, సమయం రాసి వెంటనే ల్యాబుకు చేర్చడం మా నర్సుల బాధ్యత. రెండు లేదా అంతకంటే ఎక్కువ ముక్కల్లో ఒకే క్రిమి పెరిగితే ఇన్ఫెక్షన్ ఖాయం. ఒక్కదానిలోనే పెరిగితే అది చర్మం నుండి కలిసిందేమోనని ఆలోచిస్తారు.

మన ప్రాంతంలో ప్రత్యేకంగా చెప్పవలసిన రెండు సంగతులు

మొదటిది క్షయ. మదనపల్లె పక్కనే ఉన్న ఆరోగ్యవరం 1915లో క్షయ రోగుల శానటోరియంగా మొదలైంది. డెన్మార్కు దేశం నుండి వచ్చిన డాక్టర్ క్రిస్టియన్ ఫ్రిమొట్ మోలర్ దానిని చాలా సంవత్సరాలు నడిపించారు. దగ్గు ఉన్నవారందరికీ క్షయ అని చెప్పకుండా, కఫంలో క్రిమి ఉందో లేదో చూసి చెప్పడం మన పెద్దలకు ఆనాటి నుండే తెలుసు. క్షయ ఊపిరితిత్తులకే కాక తుంటి కీలుకు కూడా వస్తుంది. కృత్రిమ కీలులోనూ అరుదుగా వస్తుంది. మామూలు కల్చర్‌లో క్షయ క్రిమి పెరగదు. దానికి వేరే పరీక్ష పెట్టాలి, కల్చర్ ఫలితానికి ఆరు నుండి ఎనిమిది వారాలు పట్టవచ్చు. మీకు గాని ఇంట్లో ఎవరికైనా గాని ఎప్పుడైనా క్షయ వచ్చి ఉంటే, “ఎప్పుడో చిన్నప్పటి మాట” అని వదిలేయక డాక్టరుకు చెప్పండి.

రెండవది పశువుల నుండి వచ్చే బ్రూసెల్లా అనే క్రిమి. పుంగనూరు, కుప్పం వైపు పల్లెల్లో పాడి ఎక్కువ. ఆవు ఈనేటప్పుడు, దూడ నెలలు నిండకుండా పడిపోయినప్పుడు, మాయను ఒట్టి చేతులతో తీసినా, కాచని పాలు తాగినా ఈ క్రిమి సోకవచ్చు. ఇది అరుదుగా కృత్రిమ కీలులోనూ చేరుతుంది. పశువుల పని చేసేవారైతే తప్పక ఆ సంగతి చెప్పండి. ఈ క్రిమి ల్యాబులో పనిచేసేవారికి కూడా అంటుకోగలదు కనుక వారు ముందే జాగ్రత్తపడతారు.

కుప్పం నుండి వచ్చిన ఫోను

అవ్వ కథకు జవాబుగా మరో కథ చెప్పాలి. కుప్పం వారికి బెంగుళూరు రైలు దగ్గర కనుక చాలామంది అక్కడే ఆపరేషన్ చేయించుకుంటారు. అలా చేయించుకుని వచ్చిన ఒక రిటైరైన మాస్టారు పన్నెండో రోజు మాకు ఫోను చేశారు. “సిస్టర్, గాయం ఇంకా తడిగా ఉంది. కట్టు మీద మరక చుట్టూ పెన్నుతో గీత గీసి తారీకు, టైము వేశాను. నిన్నటికంటే ఈరోజు పెద్దదైంది. మాత్రలేమీ వేసుకోలేదు. రమ్మంటారా?” అన్నారు.

రమ్మన్నాము. ఆపరేషన్ చేసిన డాక్టరుకు ముందు ఫోను చేయమని కూడా చెప్పాము. ఆసుపత్రి నుండి పంపేనాటికి దిగుతూ ఉన్న ఆయన సి.ఆర్.పి. మళ్ళీ పైకి ఎక్కింది. డిశ్చార్జి కాగితం, పాత రిపోర్టులు అన్నీ సంచిలో తెచ్చారు కనుకనే ఆ తేడా మాకు అప్పటికప్పుడే తెలిసింది. అదే వారంలో బెంగుళూరులో గాయం తెరిచి కడిగారు. తీసిన ముక్కల్లో క్రిమి దొరికింది, దానికి తగిన మందు దొరికింది. కీలు నిలిచింది. మందు మూడు నెలలు వాడారు. ఫ్రాన్సు దేశపు ఆసుపత్రుల్లో జరిగి, 2021లో ప్రచురితమైన ఒక అధ్యయనంలో కూడా ఇలాంటి ఆపరేషన్ తరువాత ఆరు వారాలు మందు వాడినవారికంటే పన్నెండు వారాలు వాడినవారిలో ఇన్ఫెక్షన్ మిగిలిపోవడం తక్కువగా కనిపించింది. ఇక మెడికల్ షాపు ఐదు రోజుల మాత్రలు ఏమి చేయగలవో మీరే ఆలోచించండి.

మాస్టారికీ, అవ్వకూ మొదట కనిపించిన గుర్తు ఒక్కటే. గాయం మీద తడి. తేడా అంతా ఆ తరువాత జరిగినదానిలో ఉంది.

ఈ ఆపరేషన్‌ను నేటి రూపానికి తెచ్చిన ఇంగ్లండు డాక్టరు జాన్ చార్న్‌లీకి కూడా తొలినాళ్ళలో వందకు ఏడెనిమిది మంది రోగుల కీళ్ళు ఇన్ఫెక్షన్ వల్ల చెడ్డాయి. ఆయన దానిని దాచలేదు. ప్రతి కేసు లెక్క రాసుకున్నారు. ఆపరేషన్ గదిలోని గాలిని వడగట్టించారు, దుస్తులు మార్పించారు, కొన్నేళ్ళకు ఆ సంఖ్యను వందకు ఒకటికి తగ్గించారు. తప్పును రాసిపెట్టుకున్నవారికే దిద్దుకొనే వీలుంటుంది.

మా వార్డులో కూడా ఒక మార్పు చేసుకున్నాము. “కొంచెం తడి” అని రాయడం మానేశాము. ఆపరేషన్ అయి ఎన్నో రోజు, ఎన్ని గాజు ముక్కలు తడిశాయి, రంగు ఏమిటి, ఏ మాత్రలు వాడుతున్నారు అని రాస్తాము. ఏడు రోజులు దాటి తడి ఉంటే ఎర్ర సిరాతో రాసి, అదే రోజు డాక్టరుగారికి చూపిస్తాము.

ఇంట్లో గోడకు అంటించుకోండి

1. ఆపరేషన్ అయిన వారం దాటినా గాయం తడిగా ఉంటే, ఆరిన గాయం మళ్ళీ తడి అయితే, అది నీరైనా చీమైనా అదే రోజు ఆపరేషన్ చేసిన డాక్టరుకు ఫోను చేయండి.

2. కట్టు మీద మరక చుట్టూ పెన్నుతో గీత గీసి తేదీ, సమయం వేయండి.

3. కీలు మార్చిన తుంటికి నొప్పి, వాపు, తడి వస్తే ఎవరు చెప్పినా సొంతంగా యాంటీబయాటిక్ వేసుకోకండి. ముందు పరీక్ష, తరువాత మందు.

4. పడుకున్నా తగ్గని నొప్పి, నెలలు గడిచినా పోని నొప్పి, బాగా నడుస్తూ హఠాత్తుగా మొదలైన నొప్పి, వీటిలో ఏదున్నా జ్వరం లేకపోయినా రండి.

5. డిశ్చార్జి కాగితం, ఎక్స్‌రేలు, రక్తపరీక్షల రిపోర్టులు, మాత్రల అట్టలు ఒకే సంచిలో ఉంచండి. ఏ ఊరికి వెళ్ళినా ఆ సంచి మీతో ఉండాలి.

6. షుగరు అదుపులో ఉంచుకోండి. కాలి పుండ్లు, చర్మపు గడ్డలు, పుచ్చిపళ్ళు, మూత్రంలో మంట వంటివి నిర్లక్ష్యం చేయకండి. పళ్ళ డాక్టరుకు కీలు మార్చిన సంగతి చెప్పండి. మందు కావాలో లేదో వారు నిర్ణయిస్తారు.

7. చలిజ్వరం, ఆయాసం, మగత ఉంటే ఫోను కోసం కూడా ఆగకుండా ఆసుపత్రికి రండి.

మీ ఇంట్లో కీలు మార్చుకున్నవారు లేకపోయినా ఈ పేజీ చింపి పక్కింటివారికి ఇవ్వండి. ఆదివారం పక్కన కూర్చున్నవారు కుంటుతూ కనిపిస్తే “ఎట్లుంది?” అని అడిగి ఊరుకోకండి. “గాయం ఆరిందా? మాత్రలేమైనా వేసుకుంటున్నావా?” అని కూడా అడగండి.

పుంగనూరు అవ్వ ఇప్పటికీ పరీక్షకు వస్తుంది. పోయినసారి వచ్చినప్పుడు వరండాలో కూర్చుని, కొత్తగా కీలు మార్చుకున్న ఒకామెతో మాట్లాడుతోంది. “తడి ఉంటే దాచొద్దమ్మా. ఉత్త నీళ్ళని నేనూ అనుకుంటి” అంటోంది. మేము ఇన్ని పేజీలలో చెప్పినది ఆమె రెండు మాటల్లో చెప్పేసింది.